మిగిల్చిన నీళ్ళకు కూలి



ఈ మాటలు మీ చెవిన పడుతున్న వేళ మీ బోరు మోటారు ఆడుతోందా, ఆగి ఉందా? చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు. స్టార్టరు ఆటోమేటిక్ కదా! త్రీఫేజ్ కరెంటు వస్తే అదే ఆడుతుంది, పోతే అదే ఆగుతుంది. మడి నిండినా ఆడుతుంది, మడవ తెగి నీళ్ళు బండ్లబాట మీదికి పారినా ఆడుతుంది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందనీ, ఆ ఆటోమేటిక్ స్టార్టర్లు పీకేయండనీ లైన్‌మన్లు చెప్తూనే ఉంటారు. ఎవరూ పీకరు. అది బద్ధకం కాదు. కరెంటు ఏ జాముకు వస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య చేలోకి పోవలసిన రోజుల్లో పుట్టిన అలవాటు అది. ఇప్పుడు పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తామంటున్నా అలవాటు పోలేదు. పోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మోటారు గంట ఎక్కువ ఆడితే రైతు జేబులోంచి పైసా పోదు. గంట తక్కువ ఆడితే జేబులోకి పైసా రాదు.

ఎక్కువ ఆడితే ఏం చేయాలన్న చర్చ మనం నలభై ఏళ్ళుగా వింటున్నాం. తక్కువ ఆడించినవాడికి ఏమివ్వాలన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు. ఈ పూట నేను మాట్లాడబోయేది దాని గురించే.

కరెంటు సంగతితో మొదలుపెడతాను. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సేద్యపు నీళ్ళ కథ అంటే సగం కరెంటు కథే. ఇక్కడ కృష్ణ, గోదావరి కాలవలు లేవు. స్వర్ణముఖి, బాహుదా, కౌండిన్య, నీవా, అన్నీ వానకు పొంగి ఎండకు ఇసుకగా మిగిలే ఏర్లు. హంద్రీ-నీవా కాలవ మీదుగా కృష్ణా నీళ్ళు ఎక్కడో శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోతల మీద ఎత్తిపోతల ఎక్కి 2025 ఆగస్టులో కుప్పం చేరాయి. సంతోషమే. కానీ మన సేద్యానికి ఆధారం ఇప్పటికీ బోరే. ఆ బోరుకు ప్రాణం కరెంటు.

1980లలో పొలం మీటర్లు పోయాయి. మోటారుకు ఎన్ని హార్స్‌పవర్లుంటే అంత లెక్కన ఏడాదికింత కడితే చాలన్నారు. ఎన్టీ రామారావు ప్రభుత్వంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలే. తర్వాత ఛార్జీలు పెంచబోతే ఏమైందో 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చూశాం. ఆందోళనకారుల మీద పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి పెట్టిన తొలి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీదే. ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటుందని కూడా నేననుకోను. వెయ్యి అడుగులు తవ్వినా దుమ్ము లేచే పల్లెలో, మూడు బోర్లు పోగొట్టుకుని నాలుగో బోరుకు అప్పు చేసిన రైతును పట్టుకుని యూనిట్‌కింత కట్టమనడం న్యాయమూ కాదు. కాబట్టి ఛార్జీ వేయాలన్న వాదన పక్కన పెట్టేద్దాం.

ఆ ఉచితానికి మొదట్లో కొన్ని షరతులుండేవి, పాత రైతులకు గుర్తుండే ఉంటుంది. మోటారుకు కెపాసిటర్ బిగించాలి, ఐఎస్ఐ మార్కు పంపుసెట్టు ఉండాలి, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు, మంచి రకం పైపు ఉండాలి. గమనించండి, ఆ షరతులన్నీ కరెంటు పొదుపు కోసం పెట్టినవి. నీళ్ళు ఎన్ని తోడుకున్నావని ఎవరూ అడగలేదు.

ఉచితమంటే ఖర్చు లేనిదని కాదు. ఒక చిన్న లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. ఎకరా చేలో ఒక అంగుళం ఎత్తు నీళ్ళు నిలబడాలంటే సుమారు లక్ష లీటర్లు కావాలి. వెయ్యి లీటర్ల నీళ్ళను 300 అడుగుల లోతు నుంచి పైకి లాగడానికి, నష్టమే లేకపోతే పావు యూనిట్ కరెంటు చాలు. మన మోటారు, మన పైపు, మన వోల్టేజి అంత గొప్పవి కావు. పెట్టిన కరెంటులో నలభై శాతమే పనికొస్తుందనుకుంటే వెయ్యి లీటర్లకు 0.6 యూనిట్లు దాటుతాయి. అంటే ఎకరాకు అంగుళం తడికి 60కి పైగా యూనిట్లు. ఎండకారులో పూర్తిగా బోరు మీద వరి పెడితే 48 అంగుళాలు పడుతుందనుకుందాం. 3,000 యూనిట్లు. వేరుశెనగకు, మన మాటలో చెనిక్కాయలకు, 20 అంగుళాలనుకుందాం. 1,250 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలని వేసుకున్నా ఎకరా వరికి ప్రభుత్వం పెడుతున్న కరెంటు ఖర్చు 18,000 రూపాయలు, ఎకరా చెనిక్కాయలకు 7,500. నీళ్ళు 600 అడుగుల్లో ఉంటే రెండూ రెట్టింపు.

ఇవి నా ఊహ లెక్కలే, మీ బోరును బట్టి మారతాయి. కానీ ఇందులోంచి ఒకటి తేలుతుంది. ఎక్కువ నీళ్ళు తాగే పంట వేసినవాడికి ప్రభుత్వం ఎక్కువిస్తోంది, తక్కువ నీళ్ళతో సరిపెట్టుకున్నవాడికి తక్కువిస్తోంది. ఇదీ ప్రోత్సాహకమే. తిరగబడ్డ ప్రోత్సాహకం. ఎవరూ కావాలని పెట్టింది కాదు. అయినా ప్రతి పొలంలో ప్రతిరోజూ పనిచేస్తూనే ఉంది.

మరి డ్రిప్పుకు సబ్సిడీ ఇస్తున్నారు కదా, అది ప్రోత్సాహకం కాదా అంటారు. నిజమే. 2003 నవంబరులో మన రాష్ట్రం సూక్ష్మసేద్యానికి ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టే పెట్టింది. మొదట సగం ఖర్చిచ్చారు, తర్వాత పెంచుతూ పోయి చిన్న రైతుకు 90 శాతం దాకా తెచ్చారు. కేంద్రం లెక్క ప్రకారం చిన్న, సన్నకారు రైతుకు 55 శాతం, మిగతావారికి 45 శాతం. ఆ పైది రాష్ట్రం కలుపుతుంది. నడుమ కంపెనీలకు బకాయిలు పేరుకుపోయి పథకం కొన్నేళ్ళు పడకేసిన సంగతి కూడా మీకు తెలుసు. మొత్తం మీద డ్రిప్పు లేకపోతే ఈ జిల్లాల్లో ఇన్ని మామిడి తోటలు నిలిచేవి కావు. మదనపల్లె టమోటా ఇన్ని లారీలు ఎక్కేది కాదు. పలమనేరు, పుంగనూరు వైపు మల్బరీ కూడా అంతే. డ్రిప్పును నేను తక్కువ చేయడం లేదు.

కానీ ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. డ్రిప్పు వేశాక మీ మోటారు ఆడే గంటలు తగ్గాయా? చంద్రగిరి దగ్గరో పూతలపట్టు దగ్గరో ఒక రైతును ఊహించుకుందాం. నాలుగెకరాలు. బోరు నీళ్ళు రెండెకరాల టమోటాకే సరిపోయేవి. డ్రిప్పు వేశాడు. అవే నీళ్ళు మూడున్నర ఎకరాలకు పారాయి. బీడు పెట్టిన ఎకరన్నర కూడా పచ్చబడింది. రైతు బాగుపడ్డాడు, పంట పెరిగింది, సబ్సిడీ లెక్కల్లో ఇంకొక లబ్ధిదారు చేరాడు. బోరులో నీటిమట్టం మాత్రం ఎక్కడిదక్కడే, లేదా ఇంకా కిందికి. పాత పద్ధతిలో చేలో ఎక్కువైన నీళ్ళు కొంత మళ్ళీ భూమిలోకే ఇంకేవి. ఇప్పుడు అవీ మొక్క తాగేస్తోంది. ఆ రైతు తప్పు చేశాడనడం లేదు. నేనైనా అదే చేస్తాను. సబ్సిడీ పైపుకు ఇచ్చారు, పైపు వచ్చింది. నీళ్ళు మిగలడానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అందుకే అవి మిగల్లేదు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో నీళ్ళు తక్కువ పట్టే కొత్త రకం స్ప్రింక్లర్లకు ప్రభుత్వం డబ్బిచ్చింది. ఆ తర్వాత తోడిన భూగర్భజలం తగ్గకపోగా పెరిగిందని 2014లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్క తీశారు. రైతులు ఎక్కువ దాహమున్న పంటలకు మారారు.

డ్రిప్పుకు పుట్టిల్లు ఇజ్రాయెల్ అంటాం. 1965లో అక్కడి హట్జెరిమ్ అనే సామూహిక వ్యవసాయ గ్రామంలోనే నెటాఫిమ్ కంపెనీ మొదలైంది. 1990ల చివర మన కుప్పంలో ఇజ్రాయెల్ కంపెనీ చేత ప్రదర్శనా క్షేత్రం పెట్టించారు. గట్లు చెరిపి కమతాలు కలిపి, కంప్యూటరుతో నీళ్ళు వదిలి దేశమంతా చూడవచ్చేలా చేశారు. దాని మంచిచెడుల మీద అప్పట్లో పత్రికల్లో పెద్ద వాదమే నడిచింది. నాకు తోచేది ఒకటే. మనం అక్కడి నుంచి పైపు తెచ్చుకున్నాం, చట్టం తెచ్చుకోలేదు. 1959 నుంచి ఇజ్రాయెల్‌లో నీటి బొట్టు ఎవడి సొంతమూ కాదు, ప్రజలందరిది. ఏ పొలానికి ఎన్ని నీళ్ళో కోటా ఉంటుంది, నీళ్ళకు రేటూ ఉంటుంది. ఆ కట్టడి ఉన్నచోట డ్రిప్పు వేస్తే నీళ్ళు మిగులుతాయి. కట్టడి లేనిచోట వేస్తే సాగు విస్తీర్ణం పెరుగుతుంది.

మనకూ చట్టముంది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. వాల్టా అంటారు. బోరు వేయాలంటే అనుమతి కావాలని అందులో రాసుంది. రాత్రిపూట రిగ్గు లారీ ఊళ్ళోకి వచ్చి తెల్లారేలోపు వెళ్ళిపోయే చోట ఆ కాగితం ఎంతవరకు పనిచేస్తుందో నేను చెప్పనక్కర లేదు.

ఇక అసలు చిక్కు. మన కింద ఉన్నది రాయి. గ్రానైటు పగుళ్ళలోనే నీళ్ళు. నా బోరుకూ పక్క చేను బోరుకూ ఒకే పగులు ఆధారం కావచ్చు. నేను ఇవాళ మోటారు ఆపి నీళ్ళు మిగిల్చానంటే అవి నాకే మిగులుతాయన్న భరోసా లేదు. పక్కవాడు తోడుకుంటాడు. అతనూ చెడ్డవాడు కాదు, అతనికీ ఇదే భయం. ఇద్దరం కలిసి ఆపితే ఇద్దరికీ మిగులుతాయి. ఒక్కణ్ణే ఆపమంటే నేను వెర్రివాణ్ణి. కాబట్టి ప్రోత్సాహకం ఏదైనా ఒక్క రైతును పట్టుకుని ఇస్తే లాభం లేదు.

కలిసి ఆపడం ఇక్కడ జరగలేదా? జరిగింది. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు నడిచింది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయం. ఏడు కరువు జిల్లాల్లో 600కు పైగా పల్లెలు, వాటిలో చిత్తూరు జిల్లావీ ఉన్నాయి. రైతులే వానమాపకం చూశారు. రైతులే రెండు వారాలకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీ ముందు అందరూ కూర్చుని, వానకు ఇన్ని నీళ్ళు ఇంకాయి, మనం వేయబోయే పంటలకు ఇన్ని కావాలి, తేడా ఇంత అని పంటల నీటి బడ్జెట్టు వేసుకున్నారు. ఆడవాళ్ళూ కొలతలు తీశారు. రూపాయి సబ్సిడీ లేదు, ఫలానా పంట వేయవద్దన్న ఆంక్షా లేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గి, తక్కువ నీళ్ళ పంటలు పెరిగాయి. 2010లో ప్రపంచబ్యాంకు నివేదిక ఒకటి దీన్ని ఎంతో మెచ్చుకుంది.

దాని వెనకే ఇంకో మాట వచ్చింది. ప్రాజెక్టు ముగిశాక ఆ ఊళ్ళకు తిరిగి వెళ్ళి చూసిన పరిశోధకులకు ఆ ఉత్సాహం కనిపించలేదు. కొలతలు ఆగిపోయాయి, బడ్జెట్టు సమావేశాలు సన్నగిల్లాయి. నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. తెలివి వచ్చింది, లెక్క వచ్చింది. ఆ లెక్క పాటించినందుకు చేతికి వచ్చిందేమిటి? పాటించని పక్క ఊరికి కూడా అంతే కరెంటు, అంతే ఉచితం.

పాటించినవాడి చేతికి ఫలితం అందే పద్ధతి మనకు కొత్త కాదు. అది చూపించడానికి ఇప్పుడు మిమ్మల్ని అయిదు వందల ఏళ్ళు వెనక్కి తీసుకుపోతాను. మన తిరుమల, తిరుపతి గుళ్ళ గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి. ఎక్కువ తమిళంలో ఉంటాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితులు శ్రమపడి చదివితే దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. సాళువ నరసింహరాయలు మొదలు కృష్ణదేవరాయలు, అచ్యుతరాయల దాకా ఉన్న కాలపు శాసనాలు చూస్తే ఒకటే వరస మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఒక భక్తుడు గుడి ఖజానా అయిన శ్రీభండారంలో ఇన్ని పణాలు జమ చేస్తాడు. గుడి ఆ డబ్బును పెట్టెలో పెట్టి తాళం వేయదు. దేవుడి మాన్యపు ఊళ్ళలో చెరువులు తవ్వించడానికీ, కాలవలు బాగుచేయించడానికీ పెడుతుంది. నీళ్ళు పెరిగి పంట పెరిగితే ఆ పెరిగిన రాబడితో స్వామికి నైవేద్యం జరుగుతుంది. ఆ నైవేద్యం ప్రసాదంలో నాలుగో వంతు దాతకు. బర్టన్ స్టెయిన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1960లో ఈ శాసనాల మీదే వ్యాసం రాసి, గుడి చేసిన ఈ ఆర్థిక పనిని ప్రపంచానికి చూపించాడు.

దాత వాటా చూడండి. చెరువు తవ్వగానే రాదు. నీళ్ళు నిలిచి, పంట పండి, నైవేద్యం జరిగితేనే ప్రసాదం. పని ఎంత జరిగిందని ఎవరూ బిల్లు రాయరు. ఫలితంలోనే వాటా.

గుడి బయట కూడా ఇదే తెలివి ఉండేది. దశబంధం ఇనాం అని మన రాయలసీమలో పాత రికార్డుల్లో కనిపిస్తుంది. చెరువు కట్టించినవాడికి, దాన్ని కాపాడుతూ వచ్చేవాడికి ఆ చెరువు రాబడిలో పదో వంతో, ఆ మేరకు భూమో ఇస్తారు. ఆ భూమి ఎక్కడిస్తారు? ఆ చెరువు కిందే. కట్ట తెగితే ముందు ఎండేవాటిలో అతని మడి కూడా ఉంటుంది. తూముకాడ కావలి ఉండే నీరుగంటికి జీతం లేదు, కళ్ళం దగ్గర ప్రతి రైతు కొలిచిచ్చే మేర ఉంది. కడపటి కయ్యకు నీళ్ళు అందకపోతే ఆ కయ్య మేర అతనికి అందదు. ఇదంతా స్వర్ణయుగమని నేననను. ఆ ఊళ్ళలో నీళ్ళు ఎవరి మడికి ముందు పారాలో కులమూ పెత్తనమూ తేల్చేవి. కానీ నీళ్ళ కూలి నీళ్ళ ఫలితంతోనే ముడిపెట్టాలన్న ఒక్క విషయంలో వాళ్ళు మనకన్నా తెలివిగా ఉన్నారు.

ఈ కాలంలో ఆ దారి పట్టినవాళ్ళు లేకపోలేదు. పంజాబులో 2018లో ‘పానీ బచావో, పైసా కమావో’ అని ఒక పథకం కొన్ని ఫీడర్ల కింద మొదలుపెట్టారు. నీళ్ళు మిగిల్చు, డబ్బు సంపాదించు అని. మోటారుకు మీటరు పెట్టారు, రైతుకు ఇన్ని యూనిట్లని కోటా ఇచ్చారు. కోటాలో మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ నాలుగు రూపాయలు బ్యాంకు ఖాతాలో వేశారు. కోటా దాటితే? ఏమీ లేదు, బిల్లు వచ్చేది కాదు. చేరడం ఇష్టమున్నవాళ్ళకే. అక్కడ ఉచిత కరెంటును ఎవరూ ముట్టుకోలేదు. మీటరు అంటే రైతుకు భయం కలగకుండా ఆశ కలిగేలా చేశారు.

దీనికి పక్కనే మనం చేసింది పెట్టి చూడండి. 2020లో మన రాష్ట్రం పొలం మోటార్లకు స్మార్ట్‌మీటర్లు బిగిస్తామంది. శ్రీకాకుళం జిల్లాలో ముందుగా మొదలుపెట్టింది. వాడిన కరెంటు సొమ్ము ప్రభుత్వమే రైతు ఖాతాలో వేస్తుంది, రైతు దాన్ని కరెంటు పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు, కడతాడు, నీకేమీ నష్టం లేదు అన్నారు. రాష్ట్రం అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం పెట్టిన షరతుల్లో ఇదొకటని అందరికీ తెలుసు. రైతు నమ్మలేదు. ఇవాళ మీటరు, రేపు బిల్లు అనుకున్నాడు. నన్నడిగితే తప్పు మీటరుది కాదు. మీటరు వెంట ఒక్క రూపాయి లాభం చూపించలేదు. మిగిల్చినదాంట్లో నీకింత అని ఒక్క వాక్యం ఆ ఉత్తర్వులో ఉండి ఉంటే చర్చ ఇంకోలా నడిచేది.

అలాగని పంజాబు పద్ధతి ఎక్కడ నాటినా కాస్తుందనుకోవద్దు. ఉత్తర గుజరాత్‌లో అంతకుముందే ఇలాంటి ప్రయోగమే చేశారు. రైతులు సంతోషంగా మీటర్లు పెట్టించుకున్నారు, పేర్లు రాయించుకున్నారు. నీళ్ళ వాడకం మాత్రం తగ్గలేదని 2016లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. మిగిల్చిన యూనిట్‌కు వచ్చే డబ్బు, ఆ యూనిట్‌తో పండే పంట డబ్బు ముందు చిన్నదైతే ఎవరు మిగులుస్తారు? మన పాత లెక్కనే తీసుకోండి. ఎకరా వరి మాని చెనిక్కాయలు వేస్తే 1,750 యూనిట్లు మిగులుతాయి. పంజాబు రేటున 7,000 రూపాయలు. ప్రభుత్వానికి తగ్గే కరెంటు ఖర్చు 10,500. ఇద్దరికీ లాభమే. కానీ చెనిక్కాయల ధర ఆ ఏడు కూలిపోతే 7,000 ఎంతకొస్తుంది? వరికి కొనుగోలు కేంద్రం ఉంది, మద్దతు ధర ఉంది. టమోటాకు ఏముంది?

అందుకే, నీళ్ళను మిగిల్చేది చివరికి నీళ్ళ ధర కన్నా పంట ధరేనని నాకు అనిపిస్తుంది. మన జిల్లాల్లోనే రుజువుంది. ఒకప్పుడు చిత్తూరు అంటే చెరుకు, బెల్లం. బోర్ల మీద ఏడాది పొడుగునా నీళ్ళు తాగే పంట. చిత్తూరు సహకార చక్కెర కర్మాగారం మూతపడింది, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోని ఎస్వీ చక్కెర కర్మాగారమూ మూతపడింది. నీళ్ళూ తగ్గాయి. చెరుకు పోయిన చేలల్లో మామిడి లేచింది. చెట్టు నిలదొక్కుకున్నాక మామిడికి పట్టే నీళ్ళు చెరుకుతో పోలిస్తే ఎంత తక్కువో మీకు తెలుసు. ఈ మార్పుకు ఏ పథకమూ పేరు పెట్టలేదు, ఏ నీటి శాఖా ఖాతాలో రాసుకోలేదు. గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురి మామిడిని కొన్నాయి కాబట్టి జరిగింది.

మరి 2025లో ఆ తోతాపురే ఏమైంది? కాయ విరగ్గాసింది, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి, ధర పడిపోయింది. ప్రభుత్వం దిగివచ్చి కిలోకు 12 రూపాయలు పడాలంది. ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు. పంజాబులో యూనిట్‌కు నాలుగు రూపాయలు, ఇక్కడ కిలోకు నాలుగు రూపాయలు. మొదటిదాన్ని నీటి ప్రోత్సాహకమని పుస్తకాల్లో రాస్తారు, రెండోదాన్ని మార్కెట్ జోక్యమంటారు. నా దృష్టిలో రెండోదీ నీటి ప్రోత్సాహకమే. ఆ నాలుగు రూపాయలు పడకపోతే, పడినా ఆలస్యమైతే, చెట్లు కొట్టేసి బోరు కింద కూరగాయలో పశుగ్రాసమో వేసుకుంటానన్న రైతు వచ్చే ఏడు ఎంత భూగర్భజలం తోడతాడో లెక్క కట్టండి. మామిడి ధర గురించి మాట్లాడే సమావేశంలో భూగర్భజల శాఖ అధికారి ఎందుకు కూర్చోడో నాకు అర్థం కాదు.

సూర్యుడి దారి కూడా ఒకటుంది. గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢూండీ అనే పల్లెలో కొందరు రైతులు 2016లో సోలార్ పంపులతో సహకార సంఘం పెట్టుకున్నారు. తడి అవసరం లేని వేళ ఆ కరెంటును డిస్కంకు అమ్ముకున్నారు. యూనిట్‌కు 4 రూపాయల 63 పైసలు, పాతికేళ్ళకు ఒప్పందం. అక్కడ నీళ్ళు తోడటం ఒక పంటైతే తోడకపోవడం ఇంకో పంట. మనకు ఎండకు కొదవలేదు. కాకపోతే 800 అడుగుల బోరుకు చిన్న సోలార్ మోటారు చాలదు, ఒక్కో పొలానికి కాక మొత్తం ఫీడరుకు సోలార్ పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇక నా సూచన. మన డిస్కం ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే ఉంది కాబట్టి వాళ్ళ చెవిన కూడా పడుతుందని ఆశ.

మీటరు రైతు బోరు దగ్గర వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టండి. దాని కింద పది పదిహేను మోటార్లుంటాయి. దాదాపు ఒకే రాతి పగుళ్ళ మీద బతికే బోర్లవి. ఆ రైతులు ఇప్పటికే ఒక సంఘం, పేరు లేకపోయినా. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే చందాలు వేసుకునేది వాళ్ళే, ట్రాక్టరు కట్టుకుని దాన్ని దించి ఎక్కించేది వాళ్ళే. గత మూడేళ్ళ వాడకం సగటు తీయండి. అంతకు తగ్గిన ప్రతి యూనిట్‌కూ నాలుగు రూపాయలు ఆ గుంపు ఖాతాలో వేయండి. ఎలా పంచుకుంటారో వాళ్ళిష్టం. పెరిగితే ఏమీ అనకండి. నేను మోటారు ఆపితే పక్కవాడు తోడుకుంటాడన్న భయం అక్కడ కొంతైనా తగ్గుతుంది. పక్కవాడు తోడితే నా డబ్బూ తగ్గుతుంది కాబట్టి రచ్చబండ దగ్గర నేనే అడుగుతాను. ఏ అధికారీ రానక్కర లేదు.

చిక్కులున్నాయి, దాచను. మంచి వాన పడ్డ ఏడు ఎవరూ ఏమీ చేయకుండానే యూనిట్లు తగ్గుతాయి. బోర్లన్నీ ఎండిపోయిన చోట కూడా తగ్గుతాయి, ఎండినందుకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. కాబట్టి పాత సగటుతో పాటు అదే ఏడు ఫీడరులోని మిగతా ట్రాన్స్‌ఫార్మర్లతోనూ పోల్చాలి. కౌలు రైతు సంగతి ఇంకా గట్టి చిక్కు. కనెక్షను భూమి యజమాని పేరున ఉంటుంది, తడి కట్టేది, మోటారు ఆపేది కౌలుదారు. డబ్బు యజమాని ఖాతాలో పడితే ఆపేవాడికి ఆపే పనేముంది? గుంపు పుస్తకంలో ఆ ఏడు సాగు చేసేవాడి పేరే రాయాలి. ఇది కాగితం మీద తేలిక, ఊళ్ళో తేలిక కాదు.

ఇదంతా ప్రభుత్వం ఎప్పుడో చేస్తుందని చేతులు కట్టుకోనక్కర లేదు. రేపు పొద్దున ఒక పని చేయండి. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి మోటారు పైపు కింద పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో సెల్‌ఫోనులో చూడండి. వంద సెకన్లు పడితే గంటకు 7,200 లీటర్లు. ఎకరాకు అంగుళం తడి పెట్టాలంటే పద్నాలుగు గంటలు మోటారు ఆడాలి. ఆ లెక్క స్టార్టరు డబ్బా లోపలి మూత మీద పెయింటుతో రాయండి. పక్క బోరు వాళ్ళనూ రాయమనండి. ఎండకారు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలిస్తే మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎవరి బోరు ఎంత తగ్గిందో పదిహేను మందికీ ఒకే చోట తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మరుకు మీటరు పెట్టండని డిస్కం వాళ్ళను అడగబోయే రోజున చేతిలో ఆ అంకెలుండాలి.